మన మాటల్లో చెప్పు

పోయిన మంగళవారం పొద్దున బడికి బయల్దేరుతుంటే తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "టీచరమ్మా, నేను అక్క తమ్ముణ్ణి మాట్లాడుతుండా," అన్నాడు అవతలి మనిషి. ఏ అక్క అని నేను అడగలేదు. నేను అక్కా అని పిలిచేవాళ్లు పదిమంది దాకా ఉన్నారు. ముందూ వెనకా ఏ వివరమూ లేకుండా అక్క అంటే మాత్రం ఒక్కతే.

"నిన్న మధ్యాన్నం పోయింది. తిని, గోడకానుకొని కూర్చున్నింది. అట్లనే," అన్నాడు. "మీకు చెప్పమని ఎవురూ చెప్పలేదు. నాకే చెప్పాలనిపించింది," అన్నాడు.

ఆమె ఎక్కడ పుట్టింది, ఎప్పుడు పెళ్లయింది, ఆ పెళ్లి ఏమైంది, ఇవేవీ నాకు సరిగా తెలియవు. అడిగితే చెప్పేదేమో, అడగలేదు. నాకు తెలిసిందంతా పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిది నలభై దాకా ఉండే మనిషి. ఆరేళ్లపాటు ఆ నలభై నిమిషాలు.

అప్పట్లో నేను పాలకోడు దాటాక ఉన్న ఒక పల్లెలో పని చేసేదాన్ని. ఇల్లు తమిళనాడు ధర్మపురి టౌన్లో. మొదటి బస్సు నన్ను ఎనిమిదికి పాలకోడులో దించేది. బడి ఉన్న ఊరికి రెండో బస్సు ఎనిమిది నలభైకి. మధ్యలో కూర్చోడానికి తక్కాళి మండీ ఎదురుగా ఆమె అంగడి ఉండేది. టమేటాను మా వైపు తెలుగువాళ్లం కూడా తక్కాళి అనే అంటాం. రేకుల కప్పు, మూడు బెంచీలు, బయట నీళ్ల డ్రమ్ము. దొరికేది ఒక్కటే, కళి. రాగి సంగటికి మా జిల్లాలో అదే పేరు. దానికి తోడు ఆకుకూర పప్పో, ఉలవల పులుసో. పెట్టెలు ఎత్తి దించే కూలీలు, ట్రాక్టర్ల మీద వచ్చిన రైతులు తినేవాళ్లు. చీర కట్టుకుని, చేతిలో సంచీతో వచ్చే టీచరును నేనొక్కదాన్నే.

మొదటి రోజు తిని, పేపరు తెరిచాను. తమిళ పేపరే, మాకు వేరేది దొరకదు. అంతలో మా అత్తగారు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడాను. పెట్టేశాక అక్క పొయ్యి దగ్గర నుంచే అడిగింది.

"మనోళ్లా?"

"అవునక్కా."

"యా ఊరు?"

"ధర్మపురే."

"అయితే చదువు. చేతిలో పెట్టుకోని ఒక్కదానివే చూస్తుండావే."

నేను మొదటి వార్త గట్టిగా చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు కూడా కాలేదు, పిండి అంటిన అరచెయ్యి పైకెత్తి ఆపింది.

"అరవం నాకూ వస్తాది పాపా. పొద్దున్నించి అదే కదా మాట్లాడేది. మన మాటల్లో చెప్పు."

అది ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా ఇళ్లల్లో తెలుగు వందల ఏళ్లుగా ఉంది. వంటకు, పొలానికి, చుట్టరికానికి, తిట్లకు, దేవుడికి చాలినంత ఉంది. ఐక్యరాజ్య సమితికి లేదు. తెలుగు అక్షరాలు కూడా నేను పెళ్లయ్యాక కుప్పం నుంచి వచ్చిన మా అత్తగారి దగ్గర నేర్చుకున్నవే. ఆ రోజు వార్త ఎక్కడో రెండు దేశాల మధ్య యుద్ధం ఆగడం గురించి. పుస్తకాల్లో చూసిన మాట గుర్తొచ్చి, "కాల్పుల విరమణ," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "అంటే?"

"కొట్లాట నిలిపినారు అక్కా. కొన్నాళ్లు కాల్చుకోకూడదని."

"రాజీ అయినారా?"

"రాజీ కాలేదు. ఊరికే నిలిపినారు."

తెడ్డుకు అంటిన పిండిని వేలితో తీస్తూ ఆలోచించింది. "కట్టెలు బయటికి లాగినారు. పొయ్యి ఆర్పలేదు. అంతే కదా?"

అంతే. ఆ తర్వాత ఆరేళ్లూ ఆ అంగడిలో కాల్పుల విరమణకు అదే పేరు. "ఈసారి కూడా కట్టెలు లాగినారా?" అని అడిగేది. ఒక దేశానికి ఎవరూ సరుకు అమ్మకూడదని పెద్ద దేశాలు కట్టడి పెట్టాయని చెబితే, "వెలేసినారు," అంది. వెంటనే, "వెలేస్తే పెద్దోళ్లకు పట్టింపు. ఆడుండే పిల్లోళ్లకు ఆకలి," అంది. మంత్రి ఎవరైనా రాజీనామా చేస్తే తెడ్డు కింద పెట్టినట్టు. ఒక పార్టీ నుంచి ఇంకో పార్టీలోకి దూకితే బంతి మారినట్టు. ఈ బంతిలో వడ్డన అయిపోయిందని పక్క బంతిలోకి పోయి కూర్చోవడం.

తమిళం అంత బాగా వచ్చిన మనిషికి ఈ తంటా ఎందుకని ఒకసారి అడిగాను.

"అరవంలో వింటే అది వార్త. మన మాటలో వింటే ఎవురింట్లోనో ఏదో అయినట్టు ఉంటాది," అంది.

ఆమె వినే తీరు చూడాలి. కళి తిప్పేటప్పుడు కుండను రెండు కాళ్ల మధ్య పెట్టి, పాత గోనె ముక్కతో అదిమి పట్టి, మోచేతి పొడవు తెడ్డును రెండు చేతులతో తిప్పేది. అప్పుడు మాట్లాడదు. ముఖం కుండలోకే ఉంటుంది. కళ్లు మాత్రం పక్కకు జారి పేపరు మీద వాలేవి. ఏ భాషా చదవడం రాదు. అయినా ఎంతవరకు అయింది, ఏ పేజీ తిప్పాను, ఏది వదిలాను, అన్నీ చూసేది.

తిప్పడం అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి ఫోటోలు చూసేది. ఆమె చూసేది పెద్దవాళ్లను కాదు. ఏ దేశపు అధ్యక్షుడో, ప్రధానో విందులో కూర్చుని నవ్వుతున్న బొమ్మ ఉంటే, ఆమె వేలు సూటిగా మూలకు పోయేది. అక్కడ పళ్లెం పట్టుకుని సగం కనబడే మనిషి ఉంటాడు.

"ఈయన ఎవురు?"

"వడ్డించేవాడు అక్కా. పేరు వెయ్యలేదు."

"ఈయన ఎప్పుడు తినింటాడు?" అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా పొయ్యి దగ్గరికి పోయేది.

ఒకసారి కాలేజీ అమ్మాయిలు ముగ్గురు బెంగళూరు నుంచి కెమెరాతో వచ్చారు. రాగుల గురించి వీడియో తీస్తున్నారట. మన పూర్వీకుల ఆరోగ్య రహస్యం గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మర్యాదగా చెయ్యి తుడుచుకుని చెప్పింది. "ఆరోగ్యమని తినలేదు కన్నా. బియ్యం కొనే శక్తి లేక తిన్నాము. మా ఇంట్లో అన్నం వండితే ఆ రోజు పండగ. ఇప్పుడు ఉన్నోళ్లు దీన్ని తింటుండారు, మేము రేషను బియ్యం తింటుండాము. ఎట్లనో ఒకట్ల మార్చుకున్నాము." వాళ్లు తలలూపారు. తర్వాత ఆ వీడియో నేను చూశాను. ఆమె తెడ్డు తిప్పడం, ఆవిరి, ఉండలు చెయ్యడం అన్నీ ఉన్నాయి. మాట లేదు, వెనక వేణువు వాయించారు. చూపిస్తే ఆమె నవ్వింది. "చెయ్యి బాగా కనబడతాది," అంది.

ఎన్నికలప్పుడు జరిగింది చెప్పాలి. పార్టీ వాళ్లు ముందు రోజే వచ్చి, తమ నాయకుడు రేపు పొద్దున ఇక్కడ కూలీలతో కలిసి కళి తింటాడని, బెంచీలు తుడిచి పెట్టమని చెప్పి పోయారు. మరుసటి రోజు నేను దిగేసరికి అంగడి ముందు అడుగు పెట్టడానికి చోటు లేదు. ఆయన వచ్చాడు, కూర్చున్నాడు, పక్కన ఇద్దరు కూలీలను కూర్చోబెట్టారు. ఉండలో చిన్న ముక్క తుంచి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఫోటోలు తీశారు. తీసిన వాళ్లు తీసినట్టే పరుగున వెళ్లి జీపుల్లో ఎక్కారు. వెంట వచ్చినవాళ్లు తరువాతి ఊరికి ఆలస్యమవుతోందని తొందర పెట్టారు.

ఆయన లేవలేదు. తల వంచుకుని తింటూనే ఉన్నాడు. ఒక ఉండ అయిపోయింది. ఆమె అడక్కుండానే రెండోది వేసింది. అదీ తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఆమెకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

నాకు ఆశ్చర్యం వేసింది. ఆయన గురించి ఆమె పేపరులో విన్నదంతా మంచిది కాదు. ఇసుక గురించి, కొండల్ని పగలగొట్టడం గురించి నేనే చెప్పాను.

"ఆకలిగా ఉండాడు పాపా," అంది. "తెల్లారి నాలుగింటి నుంచి తిరుగుతుండాడంట. వెంట యాభై మంది. తిన్నావా అని ఒక్కడు అడగలేదు."

"అయితే ఓటు ఆయనకేనా?"

"ఏమిటికి?" అంది ఆమె, నిజంగానే అర్థం కానట్టు. "ఆకలికి పెట్టినాను. ఓటుకు ఏం సంబంధం?"

ఇప్పుడు ఒక వార్త దగ్గరికి వస్తాను. ఇన్నేళ్లలో దీన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

ఆమె తమ్ముడు గల్ఫులో ఒక నగరంలో కట్టడం పనికి పోయాడు. ఆమె కన్నా పద్దెనిమిదేళ్లు చిన్న, ఆమె ఎత్తుకుని పెంచినవాడు. వారానికొకసారి వీడియోలో మాట్లాడేవాడు. వాళ్ల గదిలో రెండంతస్తుల మంచాలు. కింద తమ్ముడు, పై మంచం మీద కృష్ణగిరి అవతలి పల్లె నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ల యువకుడు. వాడూ మనవాడే, ఇంట్లో తెలుగే. తమ్ముడు మాట్లాడుతుంటే వాడు పైనుంచి తల కిందికి వేలాడేసి, "అక్కా, కళి పార్సిల్ పంపియ్యి," అనేవాడు. "పంపిస్తే రాయి అవుతాది. నువ్వే రా," అనేది ఆమె.

ఒక గురువారం పేపరు తెరిచి చదువుతూ, లోపలి పేజీలో నాలుగు వాక్యాల వార్త చూశాను. ఆ నగరంలోనే కట్టడం కూలీలు ఉండే భవనంలో మంటలు. చాలామంది చనిపోయారు. మృతుల్లో తమిళనాడు వాళ్లూ ఉన్నట్టు తెలుస్తోంది. పేర్లు ఇంకా తెలియలేదు.

ఆమె కళి తిప్పుతోంది. ఆ పేజీ నేను పూర్తిగా తిప్పలేదు. పేపరు అక్కడే లోపలికి మడిచి, వెనక పేజీలో ఉన్న ఆటల వార్త ఒకటి చెప్పాను. ఎవరో ఎక్కడో గెలిచారు. తక్కాళి ధర ఎంత పలికిందో చెప్పాను. బస్సు రాకముందే లేచి పోయాను.

ఎందుకు చెప్పలేదని ఆ రోజంతా నన్ను నేను అడుక్కున్నాను. ఆ భవనం వాళ్లది కాకపోవచ్చు, ఊరికే భయపెట్టడమెందుకని అనుకున్నాను. అది నిజం కాదు. ఆ నాలుగు వాక్యాలు మన మాటల్లో చెప్పడానికి నాకు ధైర్యం లేదు. తమిళంలో చదవమని అడిగి ఉంటే చదివేదాన్నేమో.

మరుసటి రోజు అంగడి తెరిచే ఉంది. నేను కూర్చున్నాను. కళి పెట్టింది, పులుసు పోసింది. పేపరు గురించి అడగలేదు. నేను తిన్నంతసేపూ పొయ్యి దగ్గరే నిలబడింది. చెయ్యి కడుక్కుని వచ్చాక అంది.

"నిన్న మూడో పేజీ నువ్వు తిప్పలేదు."

నేను తల దించుకున్నాను.

"తొమ్మిదింటికి లారీ ఆయన చదివి చెప్పినాడు, అరవంలో. తమ్ముడికి ఫోను పోలేదు. రాత్రంతా పోలేదు. ఇప్పుడూ పోలేదు." గొంతు మామూలుగానే ఉంది. "కళిలో ఉప్పు తక్కువైతే నేనే ముందు చెప్తాను పాపా. తినేవాళ్లు కనిపెట్టేదాక ఉండను. నువ్వు చెప్పింటే ఒక గంట ముందు తెలిసేది. ఒక గంట ముందే ఏడ్చేదాన్ని. అంతే కదా, ఇంకేమి అయ్యేది?"

క్షమించమని అడిగానో లేదో గుర్తు లేదు. అడిగినట్టే జ్ఞాపకం. ఆమె బస్సు వచ్చిందని మాత్రం చెప్పింది.

శనివారం బడి సెలవు. అయినా వెళ్లాను. ఆమె కళి తిప్పుతోంది. మండీ గుమాస్తా ఎవరో పక్కన కూర్చుని తమిళంలో పేపరు చదువుతున్నాడు. ఉప్పు డబ్బా పక్కన పెట్టిన ఫోను మోగింది. అన్నీ కొత్త అంకెలు. కళి దగ్గరపడే సమయంలో తెడ్డు ఆపకూడదు. ఆమె నా వైపు చూసింది. నేను ఫోను తీసి ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాను.

తమ్ముడి గొంతు నాకూ వినబడింది. ఆ రాత్రి తనకు డ్యూటీ అని, భవనంలో లేనని, ఫోను గదిలోనే కాలిపోయిందని, ఇప్పుడు ఎవరి ఫోనుతోనో మాట్లాడుతున్నానని చెబుతున్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. తెడ్డు తిరుగుతూనే ఉంది.

"పైన పండుకునే పిల్లోడు?" అంది.

"అక్కా," అన్నాడు తమ్ముడు, ఇంకేమీ అనలేదు.

అప్పుడు తెడ్డు ఆగింది. ఎంతసేపో చెప్పలేను. కుండలో పిండి బిగుసుకుపోయింది. తర్వాత ఆమె దాన్ని తిప్పడానికి చూసింది గాని లొంగలేదు. దాన్నే ఉండలు చేసింది. బెంచీల మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ పళ్లెం ఇచ్చే ముందు తమిళంలో చెప్పింది, "ఈ రోజు కళి ముద్ద కట్టింది. ఇష్టముంటేనే తినండి." అందరూ తిన్నారు. నేనూ తిన్నాను. పచ్చి పిండి పలుకులు గొంతులో తగిలాయి.

తర్వాత మూడు వారాలు ఆమె నన్ను పేపరు అడగలేదు. నేను కొనడం మానలేదు, పక్కన పెట్టి తినేదాన్ని. మాటలు మామూలుగానే ఉండేవి, వర్షం గురించి, మోకాళ్ల గురించి. ఒక శుక్రవారం చెప్పింది. "ఆదివారం నాతో కృష్ణగిరి పక్కకు రావాల. ఆ పిల్లోడి అమ్మ దగ్గరికి. దినాలు అయిపోయినాయి. తమ్ముడు నంబరు ఇస్తే ఫోన్లో మాట్లాడినాను. ఏమేమో కాగితాలు ఇచ్చినారంట, ఇంగ్లీషులో. ఎవురూ చదివి చెప్పలేదంట."

"నేనా అక్కా?"

"నువ్వే."

రెండు బస్సులు మారి వెళ్లాం. సిమెంటు పూయని ఇటుక గోడల ఇల్లు. ఆ అమ్మ నాకన్నా చిన్నదే అయ్యుంటుంది. గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. అక్కను అంతకు ముందు చూడలేదు, అయినా గొంతు గుర్తుపట్టింది. "ఫోన్లో మాట్లాడే అక్క నువ్వే కదా," అంది. లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"వాణ్ణి పెట్టెలో తెచ్చినప్పుడు ఎవురెవురో వచ్చినారు. అంతా అరవంలో, ఇంగ్లీషులో చెప్పినారు. విధి అన్నారు. నిద్రలోనే పోయినాడు, నొప్పి తెలీదు అన్నారు. దీంట్లో ఏమి రాసినారో చెప్పు తల్లీ. కాలినాడా?"

కాగితం తీశాను. కారణం రాసిన చోట పొగ వల్ల ఊపిరాడక అని ఉంది.

"కాలలేదమ్మా. పొగ. ఊపిరి ఆడలేదు."

ఆమె తలూపింది. ఇంకా చూస్తూనే ఉంది. కింద ఇంకో వాక్యం ఉంది. ఎక్కడ దొరికాడో రాసిన వాక్యం. మూడో అంతస్తు నుంచి కిందికి దిగే మెట్ల మీద అని. నిద్రలో అన్నారు కదా, ఆమె దాన్నే పట్టుకుని ఇన్ని రోజులు బతికింది కదా, ఇప్పుడు నేనెందుకు దాన్ని లాక్కోవాలి అనిపించింది. కాగితం మడిచేస్తే అయిపోతుంది. అక్క నా పక్కనే గోడకానుకుని ఉంది. ఆమె కళ్లు కాగితం మీద ఉన్నాయి.

"ఇంకొకటి రాసుండాది," అన్నాను. "మంచం మీద కాదంట. మెట్ల మీద దొరికినాడంట. మూడో అంతస్తు నుంచి దిగే మెట్ల మీద."

ఆ అమ్మ కాగితాన్ని తన వైపు తిప్పుకుని చూసింది. నేను తప్పు చేశానని నిశ్చయించుకున్నాను.

"అంటే లేచినాడు," అంది.

"అవునమ్మా."

"ఎన్ని మెట్లు దిగినాడో రాసుండాదా?"

"లేదమ్మా. అది రాయలేదు."

"ఎన్నైనా కానీ. లేచినాడు." చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. "నిద్రలోనే పోయినాడు అంటే నాకు ఒకటే నొప్పి. వాడిది మొద్దు నిద్ర. ఈడ నీళ్లు చల్లి లేపేదాన్ని. ఆడ లేపేవాళ్లు లేక అట్లనే పండుకోని ఉండిపోయినాడా అని ఇన్నాళ్లూ అదే. లేచినాడు. రావాలనే చూసినాడు."

తర్వాత మాకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాం. వాడి బడి సర్టిఫికెట్లు, వాడు పంపిన గడియారం చూపించింది. అక్క అన్నింటినీ చేతిలోకి తీసుకుని చూసింది. పోయి వస్తామని లేస్తే ఆ అమ్మ ఇద్దరి చేతులూ పట్టుకుంది. బయట ఎండ బాగా ఉంది.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొని నా ఒళ్లో సగం పోసింది. తన సగం మొత్తం ఒలిచి తినింది. నేను చేసింది మంచో చెడో ఆమె నోట వినాలని నాకు ఉండింది. ఆమె చెప్పలేదు. పాలకోడులో దిగేటప్పుడు మాత్రం, ఒక చెయ్యి నా భుజం మీద ఆనించి మెట్టు దిగుతూ, "రేపు పేపరు తే," అంది.

అప్పటి నుంచి నేను ఏ పేజీ వదల్లేదు. ఎక్కడ ఎవరు పోయినా, ఎంత మంది పోయినా చెప్పాను. ఆమె వినేది. ఒక్కోసారి, "చాలు, ఈ రోజుకు అంతే," అనేది. అది ఆమె ఇష్టం, నాది కాదు.

మూడేళ్ల కింద నాకు ధర్మపురికి దగ్గరగా ఇండూరు బడికి బదిలీ అయింది. ఆ తర్వాత కొన్ని నెలలకే మోకాళ్లు బొత్తిగా వంగడం లేదని ఆమె అంగడి మూసేసింది. తమ్ముడు తిరిగి వచ్చేశాడు. తుంబలహళ్లిలో రెండు గదుల ఇల్లు తనే కట్టుకున్నాడు, అక్కను తీసుకుపోయాడు. పండగలకు ఫోను చేసుకునేవాళ్లం. ఫోనులో ఆమె మంచి మాటకారి కాదు. "అంతా బాగుండారా? సరే, పెట్టేస్తాను," అనేది.

పోయిన వేసవి సెలవుల్లో చూడటానికి వెళ్లాను. ఆ ఊరి డ్యాములో నీళ్లు బాగా తగ్గి, అంచున నల్ల మట్టి బీటలు వారి ఉంది. మధ్యాహ్నం మూడు దాటింది. ఇల్లు వెతుక్కుంటూ పోతే గుమ్మం నిండా చెప్పులు. ఎవరికైనా ఏమైనా అయిందేమో అనుకున్నాను. లోపల చూస్తే ఆరేడుగురు ఆడవాళ్లు, పొలం పని నుంచి నేరుగా వచ్చినవాళ్లు, కాళ్లకు మట్టితోనే కింద కూర్చుని ఉన్నారు. గోడకు టీవీ. తమిళ వార్తలు వస్తున్నాయి గాని శబ్దం లేదు. ఆమె ఎదురుగా మంచం మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, వాళ్లకు చెబుతోంది.

నన్ను చూసింది. ఆపలేదు. చెయ్యి కిందికి ఊపి, కూర్చోమంది. నేను గుమ్మం పక్కన కూర్చున్నాను.

పేరు కూడా నాకు తెలియని ఏదో దేశంలో నది పొంగి ఊళ్లకు ఊళ్లు మునిగాయి. ఆమె నది అనలేదు, ఏరు అంది. ఏరు గట్టు తెంచుకుని ముందు పశువుల పాకల్లోకి వచ్చింది, తర్వాత వంటిళ్లలోకి వచ్చింది. టీవీలో ఎంత చూపించారో, ఆమె ఎంత కలిపిందో నాకు తెలియదు. మనుషులు మిద్దెల మీదికి ఎక్కారు. ఎవరు ఏమి పట్టుకుని ఎక్కారో చెప్పుకుంటూ పోతోంది. ఒకరు మేకపిల్లను, ఒకరు ముసలాయన్ను.

ఒడిలో కలుపు తీసే తొలిక పెట్టుకున్న ఒకామె అడిగింది, "ఆడ మనోళ్లు ఎవురన్నా ఉండారా అక్కా?"

"మన ఊరోళ్లు ఉండరు," అంది. "కూలికి వచ్చినోళ్లు ఉంటారు. వాళ్లు లేని ఊరు యాడుండాది?"

తమ్ముడి భార్య నాకు టీ తెచ్చి ఇచ్చింది. నేను తాగుతూ విన్నాను. ఒక్క మాట కూడా పేపరు మాట కాదు. విపత్తు లేదు, సహాయక చర్యలు లేవు. పక్కింట్లో జరిగింది చూసి వచ్చి చెబుతున్నట్టు ఉంది. తొలిక పట్టుకున్న ఆమె కళ్లు తుడుచుకుంది.

నా బస్సు నాలుగుకు. అది పోతే మళ్లీ ఆరున్నరకు గాని లేదు. ఇంకొకసారి తీరిగ్గా వస్తానని మనసులో అనుకుని లేచాను. ఆమె చెప్పడం ఆపకుండానే చేత్తో పోయి రమ్మంది. నేను గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటున్నాను.

"ఒకామె పిండి డబ్బా నెత్తిన పెట్టుకోని ఎక్కింది," అంటోంది లోపల. "చుట్టూరా నీళ్లు. పొయ్యి లేదు, కట్టెలు లేవు, పిండి మాత్రం ఉండాది. డబ్బా దించి, మూత తీసి చూసుకునింది. తడవలేదు. పక్క మిద్దె మీద ఉండేవాళ్లను పిలిచింది. పిలిచి ఏమన్నిందంటే..."

రోడ్డు మలుపులో బస్సు హారన్ వినబడింది. నేను పరుగెత్తాను. ఆ పిండి డబ్బా ఆమె ఏమందో వినలేదు.